బీరువాలో పాత లాప్‌టాప్

ఇంట్లో సర్వర్ పెట్టుకోవాలని ఉంది, ఏది కొనమంటారు అని అడిగేవాళ్ళకు నేను వెంటనే మోడల్ పేరు చెప్పను. దాంట్లో ఏం పెడతావు అని అడుగుతాను. ఆ ప్రశ్న చాలామందికి రుచించదు. వాళ్ళు ప్రాసెసర్ గురించి, ర్యామ్ గురించి, నాలుగు డిస్కులు పట్టే డబ్బాల గురించి మాట్లాడుకుందామని వచ్చుంటారు. ఆ సరదా నాకూ ఉంది. అందరూ పడుకున్నాక మదర్‌బోర్డుల ధరలు చూసుకుంటూ కూర్చోవడంలో ఉన్న సుఖం ఒక్కోసారి స్క్రూడ్రైవర్ చేతికి తీసుకున్నాక కూడా ఉండదు. అయితే డబ్బు దండగయ్యేదీ అక్కడే. ఏం దాచాలో తేలకముందే దాచే డబ్బా కొనేస్తాం. అందుకే ఈ అధ్యాయంలో కొనుగోలు మాట ఆలస్యంగా వస్తుంది, అదీ నాలుగు ముక్కల్లో.

ముందు ఒక కాగితం, పెన్ను తీసుకోండి. పోతే మళ్ళీ దొరకనివి ఏవో రాయండి. సినిమాలు రాయకండి, అవి మళ్ళీ దొరుకుతాయి. డౌన్‌లోడ్ చేసిన సాఫ్ట్‌వేర్ రాయకండి. పాట కూడా, అది రికార్డు కంపెనీ పాటైతే, అక్కర్లేదు. ఇవన్నీ కొట్టేశాక మిగిలిన జాబితా చూస్తే ఆశ్చర్యం వేస్తుంది, అంత పొట్టిగా ఉంటుంది.

మా పుదూరు సంగతే తీసుకుందాం. తూత్తుకుడి జిల్లా విళాత్తికుళం తాలూకాలో చిన్న పట్టణ పంచాయతీ ఇది. చుట్టూ కరిసల్ నేల, మన నల్లరేగడి. పెద్ద పనులకు కోవిల్‌పట్టికో విరుదునగర్‌కో పోతాం. ఈ పక్క ఊళ్ళలో ఎన్నో ఇళ్ళలో తెలుగే మాట్లాడుకుంటారు, కానీ ఆ తెలుగు చదవడం రాయడం వచ్చినవాళ్ళు తక్కువ. బడి తమిళం, బజారు తమిళం. కాబట్టి అవ్వ మాట్లాడే తెలుగు ఏ పుస్తకంలోనూ లేదు. అది ఆమె గొంతులోనే ఉంది. జాబితాలో మొదటి వరుస అదే కావాలి. తరవాత పెళ్ళి వీడియోలు, డీవీడీల మీద ఉన్నవి. తాతల నాటి భూమి కాగితాల ఫోటోలు. ఫోన్లలో చెల్లాచెదురుగా పడున్న పిల్లల ఫోటోలు.

ఇప్పుడు లెక్క కట్టండి. ఒక మనిషి మాటను 48 కిలోహెర్ట్జ్, 16 బిట్, మోనోలో, కుదించకుండా రికార్డు చేస్తే గంటకు సుమారు 345 ఎంబీ అవుతుంది. అవ్వను వంద గంటలు మాట్లాడించినా 35 జీబీ దాటదు. ఫోన్ ఫోటో ఒకటి 4 ఎంబీ అనుకుంటే 20 వేల ఫోటోలకు 80 జీబీ. పెళ్ళి డీవీడీలు నిండుగా 4.7 జీబీ చొప్పున ఇరవై ఉన్నా 94 జీబీ. మొత్తం కలిపి సుమారు 209 జీబీ. బజార్లో దొరికే 500 జీబీ ఎస్‌ఎస్‌డీలో సగం కూడా నిండదు. నాలుగు డిస్కుల డబ్బా కొనాలన్న ఆలోచన సాధారణంగా ఈ కూడిక దగ్గరే చల్లబడుతుంది. చల్లబడకపోతే అది మీ సరదా ఖాతాలో రాసుకోండి, తప్పేం లేదు. అవసరం ఖాతాలో మాత్రం రాయొద్దు.

రికార్డింగ్ గురించి ఇక్కడే రెండు మాటలు చెప్పాలి, ఎందుకంటే సర్వర్ తయారయ్యాక మొదలుపెడదాం అనుకునేవాళ్ళు ఎప్పటికీ మొదలుపెట్టరు. ఫోన్ చాలు. విమానం మోడ్‌లో పెట్టి, బల్ల మీద కాకుండా మడిచిన తువ్వాలు మీద, నోటికి మూర దూరంలో ఉంచండి. ఫ్యాను ఆపాలి, మా ఎండల్లో అది తెల్లవారుజామునే కుదిరే పని. “ఏందిరా అది, నా మొగం ముందర పెట్టినావు?” అని అవ్వ అడుగుతుంది. “ఏమీ లేదులే అవ్వా, నువ్వు చెప్పు” అని పక్కకు తిప్పేస్తే కాసేపటికి మరిచిపోతుంది. కథ చెప్పు అంటే ఎవరికీ నోరు రాదు. కపిల తోలేటప్పుడు ఏం పాడేవాళ్ళు, సజ్జ సంగటికి ఎసరు ఎంత పెట్టాలి, పొలం గట్టు తగాదా ఎట్లా తెగింది అని అడగండి, గంట తెలియకుండా పోతుంది. ముఖ్యమైనది ఇంకొకటి. ప్రతి రికార్డింగు మొదట్లో తేదీ, ఊరు, మాట్లాడే మనిషి పేరు మీ నోటితో చెప్పేయండి. ఫైలు పేరు మారినా, పేరు రాసిన లిపి రేపు ఇంట్లో ఎవరికీ చదవడం రాకపోయినా, లోపలి మాట పోదు.

ఇలాంటి పని ముందే చేసినవారున్నారు. కోవిల్‌పట్టి పక్కన ఇడైసేవల్‌లో పుట్టిన రచయిత కి. రాజనారాయణన్ ఇంట్లో మాట్లాడింది తెలుగు, రాసింది తమిళం. తెలుగువాళ్ళు దక్షిణానికి వలస వచ్చి అడవిని చదును చేసి ఊరు కట్టుకున్న కథ ఆయన ‘గోపల్ల గ్రామం’. దాని తరవాతి నవలకు 1991లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. 2021 మే 17న పోయేదాకా ఆయన జనం నోట్లోని మాటలు ఏరుతూనే ఉన్నారు, కరిసల్ నేల మాటలకు ఒక నిఘంటువే కూర్చారు. ఆయన నమోదు చేసింది ఎక్కువగా తమిళ పలుకు. తెలుగు పలుకు వంతు ఇంకా ఇళ్ళలోనే ఉంది. ఆ పని మొత్తం మీ నెత్తిన వేసుకోమని అనను. మీ ఇంటి వరకు చాలు.

సరే, యంత్రం దగ్గరికి వద్దాం. తమిళనాడు ప్రభుత్వం 2011 సెప్టెంబరు 15న ఉచిత లాప్‌టాప్ పథకం మొదలుపెట్టింది. ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల్లో ప్లస్ టూ చదివే పిల్లలకు, కాలేజీ పిల్లలకు లక్షల్లో పంచారు. మా వైపు ప్రతి వీధిలో అలాంటిది ఒకటైనా ఉంటుంది, పట్టుచీరల కింద, ఛార్జర్ తీగ చుట్టిపెట్టి. స్లో అయిపోయిందని మూలన పెట్టారు. విండోస్‌కు స్లో అయింది, నిజమే. కానీ ఫైళ్ళు దాచి, అడిగినప్పుడు ఇవ్వడానికి అది ఎక్కువే. సర్వర్ అన్నది ఒక పని పేరు. ఆ పని చేసే ఏ కంప్యూటరైనా సర్వరే. నా ఇంట్లో టీవీ వెనక నడుస్తున్నది మా తమ్ముడి ప్లస్ టూ లాప్‌టాపే.

లాప్‌టాప్‌కు ఇంకో సుగుణం ఉంది, దాని యూపీఎస్ దాని పొట్టలోనే ఉంటుంది. కాకపోతే ముసలి బ్యాటరీని నమ్మేముందు ఒక పరీక్ష చేయాలి. చదునైన గచ్చు మీద పెట్టి నాలుగు మూలలూ నొక్కి చూడండి. ఊగితే, లేదా టచ్‌ప్యాడ్ పైకి లేచినట్టుంటే, లోపల బ్యాటరీ ఉబ్బింది. అప్పుడు ఆలోచించాల్సింది లేదు, తీసేయాలి. ఆ కాలపు మోడళ్ళలో చాలావాటికి అడుగున రెండు గొళ్ళాలు జరిపితే బ్యాటరీ ఊడివస్తుంది. ఉబ్బినదాన్ని పొడవడం, నొక్కడం చేయొద్దు, చెత్తబుట్టలో వేయొద్దు. బాగున్న బ్యాటరీ అయినా ఎప్పుడూ వంద శాతం ఛార్జి మీద ఉంచితే త్వరగా పాడవుతుంది. కొన్ని మోడళ్ళలో 60కో 80కో ఆపే సెట్టింగు ఉంటుంది, ఉంటే పెట్టండి.

పాత హార్డ్‌డిస్క్ మీద మాత్రం జాలి వద్దు. డిస్క్ తన ఆరోగ్యం గురించి చెప్పే స్మార్ట్ రిపోర్టు తీయండి, దానికి ఉచిత ప్రోగ్రాములు ఉన్నాయి. పెద్ద పట్టిక వస్తుంది, భయపడకండి. మూడు వరుసలే చూడాలి: 5, 197, 198. మొదటిది చెడిపోయి పక్కన పెట్టిన సెక్టార్ల లెక్క, రెండోది చదవడానికి మొరాయిస్తున్నవి, మూడోది ఇక చదవలేమని తేలినవి. మూడూ సున్నా అయితే ప్రస్తుతానికి మంచిది. ఒక్కటి సున్నా కాకపోయినా, వారం వారం పెరుగుతున్నా, ఆ డిస్క్ ఆటలకు పనికొస్తుంది, అవ్వ గొంతుకు పనికిరాదు. రెండున్నర అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ ఒకటి కొని మార్చడమే యంత్రం వరకు తప్పనిసరి ఖర్చు.

కరెంటు లెక్క కూడా చేతిలో ఉండాలి, లేకపోతే ఇంట్లో మొదటి తగాదా దాని మీదే వస్తుంది. మూత మూసిన లాప్‌టాప్ ఊరికే ఉన్నప్పుడు సుమారు 15 వాట్లు తింటుందనుకోండి. రోజుకు 0.36 యూనిట్, రెండు నెలలకు 22 యూనిట్ల లోపు. పాత డెస్క్‌టాప్ 60 వాట్లు తాగితే అదే రెండు నెలలకు 86 యూనిట్లు. తమిళనాడులో ఇంటి బిల్లు రెండు నెలలకొకసారి, తొలి 100 యూనిట్లు ఉచితం. ఆ ఉచితాన్ని దాదాపు మొత్తం ఒక మూలన పడున్న డబ్బా మింగేస్తే అమ్మ ఊరుకోదు, ఊరుకోకూడదు కూడా. మా జిల్లా కాయత్తారులోని గాలిమరలన్నీ మన కోసమే తిరుగుతున్నట్టు కొందరు మూడేసి డెస్క్‌టాపులు నడుపుతారు. వాళ్ళకో నమస్కారం.

ఇక మన నేల, మన ఎండ, మన బల్లులు. విదేశాల్లో రాసిన గైడ్లలో ఈ భాగం ఉండదు కాబట్టి నిదానంగా చెప్తాను.

మొదట ఎర్తింగ్. నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుంటుంది. ఎండలు మండే చిత్తిరై నెలలో చేను చూడండి, చెయ్యి దూరేంత పగుళ్ళు. అదే పని మీ ఇంటి పక్క ఎర్త్ గుంటలోనూ జరుగుతుంది. మట్టి పైపును వదిలేసి వెనక్కు జరుగుతుంది, ఎర్త్ పేరుకు ఉంటుంది. ఒక మల్టీమీటరుతో కొంతవరకు తేలే సంగతి ఇది. ఏసీ వోల్టేజి మీద పెట్టి సాకెట్‌లో ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య చూస్తే 230 చుట్టుపక్కల వస్తుంది. ఫేజుకూ ఎర్త్‌కూ మధ్య కూడా దాదాపు అంతే రావాలి. న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య ఒకటి రెండు వోల్టులు ఉంటే పర్వాలేదు. అక్కడ పదుల్లో వోల్టులు కనిపిస్తే వైర్‌మన్‌ను పిలవండి. మీటరు పట్టడం అలవాటు లేకపోతే ఈ పరీక్ష కూడా ఆయన చేతే చేయించండి. ఎండాకాలంలో ఎర్త్ గుంటలో అప్పుడప్పుడూ ఒక బిందె నీళ్ళు పోయడం మా ఇళ్ళలో పెద్దవాళ్ళకు అలవాటే. మోటారు కోసం పోసేవాళ్ళు, ఇప్పుడు సర్వర్‌కూ పనికొస్తుంది.

తరవాత పిడుగు. మాకు వాన ఐప్పసి, కార్తిగై నెలల్లో, ఈశాన్య రుతుపవనంలో. అది వచ్చేదే ఉరుములతో. ఇంటర్నెట్ ఫైబర్ మీద వస్తే ఆ గాజు తీగ పిడుగును మోసుకురాదు. మోసుకొచ్చేవాటిలో ఒకటి మిద్దె మీది కెమెరా నుంచి లోపలికి దింపిన రాగి తీగ. మిద్దె కెమెరా, స్విచ్చి, రూటర్, సర్వర్ అన్నీ ఒకే రాగి గొలుసులో ఉంటే ఒక్క మెరుపుకు అన్నీ పోతాయి. మిద్దె నుంచి వచ్చే దేన్నైనా వైఫై మీద తీసుకోండి, సర్వర్‌కు తీగతో కలపకండి.

చోటు సంగతి. అటక మీద పెట్టాలనిపిస్తుంది, కంటికి కనపడదు కదా అని. వద్దు. మిద్దె వేడి మొత్తం అటక మీదే ఉంటుంది. నేల మీదా వద్దు, చీమలు. గోడకు నడుము ఎత్తున చిన్న అర, చుట్టూ గాలి ఆడేలా. బల్లికి వెచ్చటి చోటంటే ఇష్టం. రూటర్ అడాప్టర్ వెనక, డెస్క్‌టాప్ పవర్ సప్లై లోపల దూరి, రెండు కొసల మీద ఒకేసారి కాలు పెట్టి, తనూ పోయి దాన్నీ తీసుకుపోతుంది. డెస్క్‌టాప్ అయితే వెనక ఖాళీ స్లాట్లకు రేకు మూతలు పెట్టండి, గాలి కన్నాలకు సన్నటి ఇనుప వల బిగించండి. వల పెట్టాక దుమ్ము దానిమీద పేరుకుంటుంది, నెలకొకసారి కుంచెతో దులపాలి.

దుమ్ముకు మాకొక కాలం ఉంది. పొంగల్ దాటాక మినుము, పెసర నూర్పిళ్ళు మొదలైతే ఊరంతా సన్నటి దూగర గాల్లో ఉంటుంది. మాసి నెల గడిచాక ఒకసారి యంత్రం విప్పి శుభ్రం చేయడం నా లెక్క. బ్లోయరుతో ఊదేటప్పుడు ఫ్యాను రెక్కను వేలితో కదలకుండా పట్టుకోండి, గాలికి గిర్రున తిరిగితే బేరింగు పాడవుతుంది. హీట్‌సింక్ ఊడదీస్తే పాత పేస్టు తుడిచి కొత్తది బఠానీ గింజంత పెట్టాలి. పవర్ సప్లై డబ్బాను మాత్రం ఎప్పుడూ విప్పొద్దు. ప్లగ్గు పీకాక కూడా లోపలి కెపాసిటర్లలో షాకు మిగిలే ఉంటుంది.

కరెంటు పోయినప్పుడు సర్వర్ దానంతటది మర్యాదగా ఆగిపోవాలి. కంప్యూటర్‌కు కబురు చెప్పే యూఎస్‌బీ తీగ ఉన్న యూపీఎస్‌లు ఉన్నాయి, మా వైపు ఇళ్ళలో ఉండేది ఎక్కువగా ఇన్వర్టరు. అది కబురేమీ చెప్పదు. దీనికొక ఉపాయం. ఇన్వర్టర్ లైను లేని ప్లగ్గు ఒకటి ప్రతి ఇంట్లో ఉంటుంది, గ్రైండర్‌దో ఫ్రిజ్‌దో. ఒక పాత వైఫై రూటర్‌ను ఆ ప్లగ్గుకు పెట్టి నెట్‌వర్క్‌లో కలపండి. సర్వర్ నిమిషానికొకసారి దాన్ని పలకరిస్తుంది. ఐదు నిమిషాలు వరసగా జవాబు రాకపోతే కరెంటు పోయిందని అర్థం చేసుకుని ఫైళ్ళు మూసి ఆగిపోతుంది. పది వరుసల స్క్రిప్టు. రాయడం రాకపోతే నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి కారణం దొరకదు. డెస్క్‌టాప్ వాడేవాళ్ళు బయోస్‌లోకి వెళ్ళి, కరెంటు తిరిగొస్తే తనంతట ఆన్ అయ్యే సెట్టింగు కూడా పెట్టుకోండి. ఇన్వర్టర్ వెనక యూపీఎస్ మోడ్ స్విచ్చి ఉంటే దానిమీదే ఉంచండి. మంచి పవర్ సప్లై పదహారు మిల్లీసెకన్ల దాకా ఊపిరి బిగపడుతుంది, యూపీఎస్ మోడ్‌లో మార్పు దాదాపు ఆ లోపే జరుగుతుంది.

సాఫ్ట్‌వేర్ దగ్గర నా సలహా చాలా బీదగా ఉంటుంది. డెబియన్ అనే లైనక్స్ వేయండి. ఉచిత లాప్‌టాప్‌లలో విండోస్ పక్కన సీడ్యాక్ వాళ్ళ బాస్ లైనక్స్ వచ్చింది గుర్తుందా, ఎవరూ తెరవనిది? అది కూడా డెబియన్ సంతానమే. మూత మూసినా నిద్రపోవద్దని ఒక వరుస సెట్టింగు మార్చాలి. ఇంట్లో అందరూ ఫైళ్ళు చూడడానికి సాంబా, ఫోన్ల నుంచి ఫోటోలు వాటంతటవే రావడానికి సింక్‌థింగ్. అక్కడ ఆగండి. ఈ రెండూ రెండు నెలలు గొడవ చేయకుండా నడిచాక, సినిమాలకు జెల్లీఫిన్ కావాలంటే వేసుకోండి. ఒకే ఆదివారం పది సర్వీసులు వేసినవాడికి సోమవారం ఏది ఎందుకు పడిపోయిందో తెలియదు. ఏం మార్చారో, ఏ రోజు మార్చారో ఒక నోటుబుక్కులో రాయండి. కంప్యూటర్‌లో రాస్తే, అది లేవని రోజున ఆ రాత కూడా చదవలేరు.

ఇప్పుడు కాపీల గురించి. రెండు డిస్కులు పెట్టి రెయిడ్ కట్టాను, నాకు బ్యాకప్ ఉంది అనేవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. రెయిడ్ అంటే బండికి రెండెడ్లు కట్టడం. ఒకటి కుంటితే రెండోది ఇంటికి లాక్కొస్తుంది. బండి బావిలో పడితే రెండూ పడతాయి. పొరపాటున చెరిపిన ఫైలు రెండు డిస్కుల్లోనూ అదే క్షణంలో చెరిగిపోతుంది. పిడుగు, దొంగ, రాన్సమ్‌వేర్ వీటిలో దేనికీ రెయిడ్ మందు కాదు. మూడు కాపీలు, రెండు రకాల సాధనాల మీద, ఒకటి వేరే ఇంట్లో అన్న పాత సూత్రాన్ని మించినది ఇంకా ఎవరూ కనిపెట్టలేదు.

1998లో టాయ్ స్టోరీ 2 తయారవుతుండగా పిక్సార్‌లో ఒక తప్పుడు కమాండ్ సినిమా ఫైళ్ళను చెరుపుతూ పోయింది. బ్యాకప్ తీసి చూస్తే అది కొంతకాలంగా సరిగా పనిచేయడం లేదని అప్పుడు తెలిసింది. గాలిన్ సుస్మన్ అనే టెక్నికల్ డైరెక్టర్‌కు అప్పటికి చంటిబిడ్డ, ఆమె ఇంటి నుంచి పనిచేస్తున్నారు. ఆమె ఇంటి కంప్యూటర్లో సినిమా కాపీ ఉంది. దాన్ని దుప్పట్లలో చుట్టి కార్లో ఆఫీసుకు తెచ్చుకున్నారు. నన్ను పట్టుకునేది ఇందులో రెండో వాక్యం. బ్యాకప్ ఉంది, అది పనిచేయడం లేదు, ఎవరికీ తెలియదు. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ సంస్థలో ఒక ఇంజినీరు పొరపాటున అసలు డేటాబేస్ చెరిపినప్పుడూ అదే కథ. ఐదు రకాల ఏర్పాట్లు ఉన్నాయి, అవసరానికి ఒక్కటీ సవ్యంగా అందలేదు. వేరే పని కోసం అంతకుముందు తీసిన కాపీ ఒకటి ఉండబట్టి ఆరు గంటల పని పోవడంతో బయటపడ్డారు.

కాబట్టి బ్యాకప్ తీశాను అన్న మాటకు నేను విలువివ్వను. తిరిగి తెచ్చి తెరిచాను అంటే వింటాను. మూడు నెలలకొకసారి ఏదో ఒక ఫోల్డరు వేలు పెట్టి ఎంచుకోండి. సర్వర్ లేనట్టే అనుకుని, బ్యాకప్ డిస్క్‌ను ఇంకో కంప్యూటర్‌కు తగిలించి, ఆ ఫోల్డరు దింపి, ఒక రికార్డింగు మొదలు నుంచి చివరిదాకా వినండి. వంద ఫోటోలు తిప్పి చూడండి. ఈ పనికి గంట పడుతుంది, బోరు కొడుతుంది. కొత్త ఫ్యాను బిగించడంలో ఉన్న ఆనందం ఇందులో లేదు. ఈ సరదా ఉన్న మనిషిలో ఓపిక ఎంతో తెలిసేది ఇక్కడే.

ఊరు విడిచి ఉన్నప్పుడు ఇంటి ఫైళ్ళు చూడాలంటే? చెన్నైలో ఉద్యోగం, పుదూరులో సర్వర్, ఇది చాలామంది కథే. రూటర్‌లో పోర్టు తెరవమని సలహాలు వస్తాయి. మన దగ్గర చాలా కనెక్షన్లకు సొంత పబ్లిక్ అడ్రసు ఉండదు. రూటర్‌కు వచ్చిన అడ్రసు 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే మీరు కంపెనీ పంచిన ఉమ్మడి అడ్రసు వెనక ఉన్నట్టు, పోర్టు తెరిచినా ఎవరూ రాలేరు. ఒక విధంగా అది అదృష్టం. వైర్‌గార్డ్ ఆధారంగా పనిచేసే టెయిల్‌స్కేల్ లాంటిది పెట్టుకుంటే ఏ తలుపూ తెరవకుండా మీ ఫోన్‌కు మాత్రమే దారి ఉంటుంది. తలుపు తెరిచి పెట్టడం ఎందుకు వద్దో 2021 జూన్ చెప్పింది. మై బుక్ లైవ్ అనే నెట్‌వర్క్ డిస్కులు వాడేవాళ్ళు ఎందరో ఒక పొద్దున లేచేసరికి లోపల ఖాళీ. ఆ మోడల్‌కు చివరి అప్‌డేట్ వచ్చింది 2015లో, డిస్కులు మాత్రం ఇంటర్నెట్‌కు కలిసే ఉన్నాయి.

లాప్‌టాప్ లేదు, కొనక తప్పదు అంటారా. ఆఫీసులు వదిలేసిన చిన్న డబ్బాలు చూడండి, లెనోవో టైనీ, డెల్ మైక్రో, హెచ్‌పీ మినీ. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మద్దతు ఆగింది. 11కు ఎక్కలేని ఆరో ఏడో తరం ఇంటెల్ యంత్రాలు సెకండ్ హ్యాండ్ బజారుకు వస్తున్నాయి, డెబియన్‌కు అవి బంగారం. చెన్నై రిచీ స్ట్రీట్‌లో కొంటే అక్కడే ఆన్ చేయించి, బయోస్‌కు పాస్‌వర్డ్ లేదని, ఫ్యాను గరగరమనడం లేదని చూసుకుని తెచ్చుకోండి. ఇంటికొచ్చాక ఒక రాత్రంతా మెమరీ పరీక్ష నడపండి.

ఇంట్లోవాళ్ళ కోసం ఒక కాగితం కావాలి, తమిళంలో, పెద్ద అక్షరాలతో. ఏ ప్లగ్గు పీకకూడదు, ఏ లైటు ఆరిపోతే మీకు ఫోన్ చేయాలి, మీరు అందకపోతే ఎవరికి చేయాలి. డిస్క్‌లకు తాళం మాట పెట్టి ఉంటే అది ఇంటి దస్తావేజులున్న కవర్లోనే ఉండాలి. మీ ఒక్కరికే తెలిసిన తాళం, మీకేదైనా అయితే, పిల్లలకు ఫోటోలు దొరక్కుండా చేసిన తాళమే.

వేరే ఇంట్లో ఉండాల్సిన మూడో కాపీ మాది విరుదునగర్‌లో మేనత్త ఇంట్లో ఉంటుంది. రెండు యూఎస్‌బీ హార్డ్‌డిస్కులు, వంతులవారీగా తిరుగుతాయి. పంగుని పొంగల్ పండుగకు అక్కడి మారియమ్మన్ గుడికి పోయినప్పుడు ఒకసారి, దీపావళికి ఇంకోసారి మార్చుకుంటాం. ఇక్కడ ఎస్‌ఎస్‌డీ వాడొద్దు. కరెంటు లేకుండా నెలల తరబడి వేడి గదిలో ఉంటే దాంట్లోని రాత మెల్లగా కారిపోవచ్చు, హార్డ్‌డిస్క్‌కు ఆ బెడద తక్కువ. డిస్క్ మీద మార్కరుతో తేదీ రాసి, తువ్వాలులో చుట్టి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని తీసుకెళ్ళాలి, పైన సామాన్ల అరలో పెట్టొద్దు. అక్కడి నుంచి తెచ్చిన పాతదాన్ని ఇంట్లో తగిలించాక, కొత్త కాపీ ఎక్కించేముందు దాంట్లో ఒక ఫైలు తెరిచి చూడండి. తెరుచుకోకపోతే అది మళ్ళీ అత్త ఇంటికి పోదు.